ఒండ్రు

ఇంగ్లీషు బండండి. తలుపులు రెండే, పైకప్పు లేదు.
అరవై నాలుగులో పుట్టిందట, నాకన్నా రెండేళ్ళు చిన్నది.
నేను చేపల చెరువుల్లో గాలి చక్రాలు బాగుచేసేవాణ్ణి,
లాంచీ డీజిలింజన్ల మీద చెయ్యి తిరిగినవాణ్ణి.
దీని బానెట్ ఎత్తడమంటే
పెద్దింటి వంటగదిలోకి చెప్పులతో వెళ్ళినట్టుంది.

జానకాయమ్మ గారు తనే తోలుకొచ్చారు.
డెబ్బై దాటినావిడ. నడుముకి దోపిన కొంగు, నల్లద్దాలు.
"పాలకొల్లులో ఎక్కితే మార్టేరు దాకా మహారాణిలా వస్తాదయ్యా,
పెనుగొండ దాటేసరికి పొగలు కక్కుద్ది.
భీమవరంలో ఒకడు థర్మోస్టాట్ పీకి పారేశాడు.
తణుకులో ఒకడు ఫ్యాన్ విప్పి మళ్ళీ బిగించాడు.
ఇంకొకడు అమ్మేయమన్నాడు,
వాడికి టీ కూడా ఇవ్వలేదు."

సూది చూశాను. ఫారన్‌హీట్ లెక్క.
రెండొందల పన్నెండు మీద వణుకుతోంది.
మూత తియ్యలేదు.
వేడి మీద రేడియేటర్ మూత తీసిన మా మావయ్య
ఆ తర్వాత ప్రతి ఫొటోకీ
పక్కకి తిరిగే నిలబడ్డాడు.

గంటన్నర ఆగాం. ఆవిడ స్టూలు మీద, నేను టైరు మీద.
ఫ్యాన్ రెక్కల ఒంపు అటుది ఇటుంది,
తణుకు వాడి చలవ. తిప్పి బిగించాను.
రోగం అది కాదు.

ఇంజన్ పక్కన, వెనకగా, చిన్న ఇత్తడి కుళాయి.
తిప్పితే నీళ్ళు దూకాలి.
చుక్క లేదు.
సైకిల్ పుల్లతో కెలికాను.
చుక్క లేదు.

పక్కనున్న ఇనప బిళ్ళ ఊడగొట్టి
టార్చి వేసి చూద్దును కదా,
మట్టి.
తుప్పు కాదండి, మట్టి. అట్టలు అట్టలుగా,
నల్లది, ఎర్రది, మళ్ళీ నల్లది.

"నీళ్ళేం పోసేవారండి దీనికి?"
ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
"ఆయన ఎక్కడాగితే అక్కడి కాలవలో డబ్బా ముంచేవారు."

ఎర్రది ఆగస్టు నీరు.
నల్లది ఏప్రిల్లో కాలవలు కట్టేశాక మడుగుల్లో మిగిలింది.
నడుమ తెల్లటి గార ఉప్పు బోరుది, మొగల్తూరు దారిలో ఎక్కడో.
స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి తీసుకుని
ఒక పొర మీద ఆనించారు ఆవిడ.
"ఇది ఎనభయ్యారు అయ్యుంటాది.
లాకుల దగ్గర రెండు రాత్రులు ఈ సీట్లలోనే కూచున్నాం,
వాన మీద పడతానే ఉంది.
ఆయన పాటలు పాడతానే ఉన్నారు, ఒక్కటీ రాదు."

గోదారి నెమ్మదించిన చోట మట్టి దింపుతుంది.
మా లంక అలా లేచిందే,
మా తాత దొండపాదు వేసిందీ అలా లేచిన నేలలోనే.
నాలుగో సిలిండర్ వెనక నీళ్ళు నెమ్మదిస్తాయి.
ఎవరో ఏ దేశంలోనో పోత పోసిన ఇనుములో
మనదో పిడికెడు లంక.

రెండు రోజులు కడిగాను.
రేడియేటర్ గొట్టాలు ఖాదర్ వలీ ఊచ దూర్చి శుభ్రం చేశాడు.
థర్మోస్టాట్ మద్రాసు నుంచి వచ్చింది.
తడి మట్టి బకెట్టు ఒంపబోతుంటే
"ఉండు" అన్నారు. పచ్చడి జాడీ తెచ్చారు.
నింపాను. నేనేం అడగలేదు.

సిద్ధాంతం వంతెన మీదికి ఆవిడే తోలారు.
నా ఒళ్ళో బ్యాటరీ నీళ్ళ క్యాను.
మధ్యలో ఆపారు, దానంతటది ఆగలేదు,
అది గమనించమన్నట్టు నాకేసి చూశారు.
కింద నది ఎర్రగా, ఒడ్డులొరుసుకుని.

"ఒక్క డబ్బా?"
"వద్దండి."
"ఆయ్" అన్నారు, నవ్వకుండా.

బండి తీశారు.
సూది నూట ఎనభై మీద
ఒంటికాలి కొంగలా
అలా నిలబడే ఉంది.