జారిపోయిన తొమ్మిది

వాల్దివియాలో వాన ఎవరినీ అడిగి రాదు.
జూన్‌లో పట్టుకుంటే సెప్టెంబరు దాకా
బట్టలు ఆరవు, మనుషులు ఆరరు,
కోర్టు వరండాలో గొడుగులు
గోడకి జారబడి కారుతూ ఉంటాయి.

నేనిక్కడ టైపిస్టుని.
చెప్పింది చెప్పినట్టు కొట్టడం నా పని.
దగ్గు రాయను.
నిట్టూర్పుకి కీ లేదు.

ఆ బుధవారం వచ్చింది ఎర్మెలిందా ఉవెనుల్,
ఆసుపత్రి నర్సుల బట్టలు ఉతికిచ్చే మనిషి.
ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసింది,
తడి తగలకుండా, పెళ్లిఫోటో తీసినట్టు.
"మీ కొనుగోలు ఖాయమైంది. ధన్యవాదాలు, ఎర్మెలిందా!"
ఆశ్చర్యార్థకంతో సహా చదివి వినిపించింది.

బట్టలారబెట్టే యంత్రం, ఒకటి.
పందొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై పెసోలు.
రాత్రి ఒంటిగంటన్నరకి
పొయ్యి పైన తాడుకి వేలాడే
ముప్పై ఒక్క తెల్లచొక్కాల కింద కూర్చుని కొన్నది.

మూడోనాడు ఇంకో ఉత్తరం.
ఈసారి అందులో ఆమె పేరు లేదు.
"గౌరవనీయ వినియోగదారునికి, స్పష్టమైన పొరపాటు కారణంగా..."
అసలు ధర లక్షా తొంభైతొమ్మిది వేల చిల్లరట.
దారిలో ఎక్కడో ఒక తొమ్మిది జారిపోయిందట.
డబ్బు పది పనిదినాల్లో తిరిగొస్తుందట.
తీసుకోడానికి పట్టింది నాలుగు సెకన్లు.

కంపెనీ లాయరు శాంతియాగో నుంచి తెర మీద కనిపించాడు,
వెనక ఎండ.
"ఇంగితమున్న వాళ్లెవరికైనా తెలిసేదే.
వీళ్ల వీధిలోనే ఒకాయన పదకొండు కొన్నాడు."

"ఆయన నిబాల్దో. ఆయన సంగతి ఆయన్నడగండి.
నా ఇంట్లో ఖాళీ ప్లగ్గు ఒక్కటే."

జడ్జిగారు కళ్లద్దాలు తీసి అడిగింది:
మీకు అనుమానం రాలేదా?

చాలాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.

"అమ్మా, మేలో వీళ్లే తొంభై శాతం తగ్గింపన్నారు.
దుప్పటి కొన్నాను. వచ్చింది. కప్పుకుంటున్నాను.
అప్పుడూ అనుమానించాల్సిందా?
ఏడాది పొడుగునా నమ్మండి నమ్మండి అని నేర్పి
ఒకరాత్రి నమ్మితే ఇంగితం లేదంటారేం?

కిందటేడు నేనూ ఒక అంకె తప్పు కొట్టాను,
మా ఇంటి నంబరులో.
ఇస్త్రీపెట్టె ఎవరింటికో పోయింది.
మీ పొరపాటు, మా పూచీ లేదన్నారు.
సరేనన్నాను. రెండోసారి కట్టాను.
నా అంకెకి నేను కట్టాను కదా,
వాళ్ల అంకెకీ నేనేనా?"

కొట్టాను, ఒక్క అక్షరం పోకుండా.

లాయరు గొంతు సవరించుకున్నాడు:
"సంస్థ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు.
ఆ ధర నమోదు చేసిన ఉద్యోగిని తొలగించాం."

అది ఎవరూ అడగలేదు.
ఎర్మెలిందా తన ఫిర్యాదు కాగితాలు తిరగేసింది,
ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి.
"ఇందులో నేనలా రాయలేదే.
ఎవరా పిల్లాడు?"
"గోప్యం" అన్నాడు తెర మీది మనిషి.

నేను నా వేళ్లవైపు చూసుకున్నాను.
పోయిన నెల ఒక జరిమానాకి సున్నా ఒకటి ఎక్కువ కొట్టాను.
పక్కసీటు రమీరో చూసి దిద్దాడు,
ఇద్దరం నవ్వుకుని టీకి వెళ్లాం.

వాయిదా ఆగస్టు పద్నాలుగుకి.
నిబాల్దో అప్పటికే పదివేల కూపన్ పుచ్చుకుని
సంతకం పెట్టేశాడని విన్నాను.
ఈమె పెట్టలేదు.

నకలు కోసం నా కిటికీ దగ్గరికొచ్చి
చెంగులాంటి శాలువాతో ఫోను తుడిచి చూపించింది.
అదే యంత్రం. అదే తెల్లతలుపు.
ఆరు లక్షల అరవై ఆరు వేలు, మీద అడ్డగీత.
కింద ఎర్రగా: డెబ్భై శాతం తగ్గింపు, ఈ రాత్రికే,
లక్షా తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై.

"ఆ పైధరకి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా, బాబూ?
ఇది మాత్రం పొరపాటు కాదా?"

నా దగ్గరున్నవి రికార్డులే.
నకలుకి మూడువందలు తీసుకుని
రసీదు రాశాను,
అంకెలు రెండుసార్లు చూసి.