తుడువొద్దన్న రాయి

డబ్బా మూత తీయంగనే వాసన.
తడి కాయితాలల్ల చుట్టిన పద్దెనిమిది కిలోల రాళ్ళు.
"బతికున్న రాయి" అన్నడు సజీవన్,
పొంగే పాలగిన్నె దించినట్టు
ఒక్కొక్కటి రెండు చేతులతోని తీసుకుంట.
నేను మాపు కర్ర పట్టుకొని నవ్విన.
రాయికి పానముంటదా?

ముహర్రక్‌ల మా పండ్ల దవఖాన.
కిటికీలకెల్లి చూస్తె సముద్రం,
రోడ్డు దాటితే చెప్పులు తడుస్తయి.
అయినా ఉప్పు బకెట్లల్ల వచ్చింది, జర్మనీదట.
నీళ్ళు గొట్టంలకెల్లి చుక్కచుక్క వడగట్టినయి.
"ఆ సముద్రం పనికిరాదా?" అంటే
"ఓడల నూనె, ఒడ్డుకు పోసే మట్టి" అన్నడు.
సముద్రం పక్కన కూసుండి సముద్రం కలిపినం,
చారుల ఉప్పు చూసినట్టు కాదు,
చుక్క అద్దం మీదేసి, వెలుతురుకెత్తి, ఒంటి కన్ను మూసి.

రాళ్ళు పేర్చినంక చెప్పిండు:
ఆరు వారాలు చేప లేదు.
గోధుమరంగు పాకుడు వస్తది, రానియ్యి.
తగ్గినంత మంచినీళ్ళు పొయ్యి, ఉప్పునీళ్ళు కాదు.
ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఆడనే ఉంటది.
(ఆ సంగతి నాకు ఎరికే,
బిల్డింగు పనిల అంగి ఆరినంక వీపు మీద చూసిన.)
ఫినాయిలు ఈ దరిదాపులకు తేకు.
తుడువకు.

పదకొండేండ్ల సంది ఈ దేశంల
తుడువకు అని నాకు చెప్పిన మొదటి వస్తువు.

రెండో వారం వచ్చింది పాకుడు,
ఇసుక మీద, అద్దం మీద, కాఫీ ఒలికినట్టు.
నా చేతులు గుంజినయి.
స్పంజి జేబుల పెట్టుకొని మూడుసార్లు పోయిన,
మూడుసార్లు తిరిగొచ్చిన.
చెంప పట్టుకొని కూసున్నోళ్ళు అడుగుతరు,
"చేపలేవి?"
కౌంటర్ల మేరిసెల్ నవ్వుకుంట నా దిక్కు చెయ్యి చూపిస్తది.
అద్దాల డబ్బాల రాళ్ళు,
ఎవలో ఇల్లు కూలగొట్టి ఆడనే మరిచినట్టు.

పరీక్ష నాకే అప్పజెప్పిండు.
గాజుగొట్టంల ఎనిమిది చుక్కలు, అయిదు నిమిషాలు.
మొదట పచ్చగ తిరిగింది, విషమున్నట్టు.
ఒకనాడు పసుపు!
మా అవ్వ గడపకు రాసే అసలు పసుపు.
అయినా అయిపోలె,
ఇంకో గొట్టం వంకాయ రంగుకొచ్చింది.
ఒక విషం తిన్నది ఇంకో విషం చేస్తదట,
దాన్ని తినేది ఇంకోటి పుట్టాలెనట.
కండ్లకు కనబడనోళ్ళు, ఆ రాళ్ళ బొక్కలల్ల,
రాత్రీ పగలూ డ్యూటీల.
వాళ్ళకు జీతమెంత అని అడుగబోయి ఊకున్న.

దవఖాన మూసినంక లైట్లార్పి
టార్చికి ఎర్ర ప్లాస్టిక్ చుట్టి చూస్త.
దారమంత చెయ్యి ఒకటి బొక్కలకెల్లి వచ్చి
ఇసుకను తడుముతది.
ఈక లెక్కటిది విచ్చుకుంటది, నా నీడ పడితే ముడుచుకుంటది.
మూడో రాయి కింద గోరంత పీత,
నోట్లె ఏందో పెట్టుకుంట, పెట్టుకుంట,
మా పాత మేస్త్రి అన్నం తిన్నట్టు
ఎవల దిక్కు చూడకుంట.

పీత కనబడితే చెప్పుమన్నడు సజీవన్.
ముదిరితే చేపల్ని కొరుకుతది, పట్టి పారేయాలె.
కనబడ్డదా?
"లేదు" అన్న.
ఈ దవఖానల నేనాడిన అబద్ధం అదొక్కటే,
లీవు కోసం ఆడినయి లెక్కవెట్టకుంటే.

ఫోను మరిచి తిరిగొచ్చిన రాత్రి
డాక్టర్ హుదా చీకట్ల నా పక్కన వంగింది.
వాళ్ళ తాత నడుముకు తాడు కట్టుకొని
ముత్యాలకు మునిగెటోడట.
ఆమె జరసేపు ఊపిరి ఆపినట్టు అనిపిచ్చింది.
"పీత" అన్నది, మెల్లగ.
తెల్లారి సజీవన్‌కు ఆమె కూడ చెప్పలె.

వంకాయ రంగు విరిగి లేత నీలం దిగిననాడు
రెండు చేపలొచ్చినయి, నారింజకు తెల్ల పట్టీలు.
పిల్లలు పంటి నొప్పి మరిచి
ముక్కులు అద్దానికి అదిమిండ్రు.
అందరు చేపల్నే చూస్తరు.

పొద్దుమీకి
వేళ్ళ గుర్తులు, ముక్కుల గుర్తులు, ఒక చాక్లెట్ మరక.
స్పంజి తీసి తుడుస్త,
బయటిదిక్కు.