రెండో వైపు

జుమేరాత్ బజార్‌ల గోనెపట్టా మీద దొరికింది.
ఒక పక్క కుట్టుమిషన్ పెడల్, ఇంకో పక్క మెట్లూడిన హార్మోనియం,
నడుమ ఇది.
పైన రెండు రీళ్లు, కింద క్యాసెట్ నోరు.
ఒకటే మోటారు, రెండు ఆకళ్లు.
భూమాచారి మామ బేరం ఆడలేదు.
ఆయన బేరం ఆడకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గుజరాతీ గల్లీల మా దుకాణం ఎంతంటే
గిరాకీ లోపలికొస్తే నేను బయటికి పోవాలె.
పద్నాలుగేళ్లు నాకు.
స్పిరిట్‌ల దూది ముంచి హెడ్డు తుడిచేవరకే నా చదువు.

బోనాల ముందటి ముసురుల
అఫ్జల్‌గంజ్ నుంచి నడుచుకుంట కుల్సుంబీ వచ్చింది.
బుర్ఖా కింద బిస్కెట్ల డబ్బా, డబ్బాల ఒకటే రీలు.
మొగడు బ్యాండ్ మాస్టరు,
ఊరందరి బారాత్‌ల ముందు నడిచి పోయిన మనిషి.
"ఇంట్ల క్యాసెట్‌దే ఉంది బేటా, దీన్ని దాంట్ల పొయ్యి"
అన్నది, చాయ్ సాసర్‌ల పొయ్యమన్నంత సులువుగ.

రీలు తిరిగింది.
క్లారినెట్ బావి అడుగు నుంచి పలికింది.
ఆమె తల అడ్డంగ ఊపింది:
"మా ఆయన ఊపిరి అంత పొడుగు లేదు."
మామ చెయ్యి ఆగింది.
బెల్టు సాగిందని కనిపెట్టింది ఆమె.

సైకిల్ ట్యూబు కోసి, బ్లేడుతో గీకి,
ఒకటి వేసిండు, తెగింది. రెండోది జారింది.
మూడోదానికి ఊపిరి కురచయింది,
మనిషి వచ్చిండు.

పాట కాదది, ప్రాక్టీసు.
దగ్గు. తప్పు. "ఫిర్ సే."
క్లారినెట్ పిల్లగాడికి తిట్లు.
మధ్యల గాజుగ్లాసులు నేల మీద పెట్టిన చప్పుడు.
"నేనే" అన్నది కుల్సుంబీ, మెల్లగ, "చాయ్ తెచ్చింది నేనే."

ముప్పై నిమిషాలకు క్యాసెట్ ఠక్కుమన్నది.
రీలు ఆపాలె. నేను ఆపలేదు.
క్యాసెట్ తిప్పి, తెల్ల లీడరు దాటించి,
తొందర్ల ఇంకింత దాటించి, బటన్ నొక్కేసరికి
పైన రీలు తన మానాన తను నడిచింది.
ఏడు సెకన్లు
గల్లీలకు పోయినయి, వానలకు.

వెనక్కి తిప్పుదామంటే
హెడ్డు నిండ తుప్పురంగు పొడి.
టేపు ఉల్లిపొర లెక్క,
అవతలి బల్బు కనబడుతున్నది.
"ఇచ్చేదంత ఇచ్చేసింది" అన్నడు మామ.
నన్ను కొట్టలేదు. కొడితే బాగుండు.

"అక్కడ ఏమన్నడు?"
ఆమె నన్నే అడిగింది.
నీ పేరు పిలిచిండని చెప్పొచ్చు.
నాలిక మీదికి వచ్చింది కూడ.
మింగేసి, ఉన్నదే చెప్పిన:
"ఖిడ్కీ బంద్ కరో మియా, ఢోల్ భీగ్ రా."

రూపాయలు లెక్కపెడుతున్న ఆమె ఆగింది.
మళ్ల మొదటి నుంచి లెక్కపెట్టుకున్నది.
"అయితే నువ్వే అను. ఆ ఖాళీల."

మైకు గుచ్చినం.
ఒక్క సెకను ఎక్కువైతే
మాస్టరు తర్వాతి దగ్గు చెరిగిపోతది.
స్టాప్ బటన్ మీద మామ వేలు వణికింది.
అప్పుడే పగులుతున్న గొంతు నాది,
ఖిడ్కీ అన్నది పిలగాడు,
ఢోల్ అన్నది ఇంకెవడో.

ఆ క్యాసెట్ ఏ ఇంట్ల ఉన్నదో, అసలు ఉన్నదో లేదో.
ఉంటే మాత్రం, రెండో వైపు మొదట్ల
ఒకడు కిటికీ మూయమంటడు,
నా మాట అయిపోంగనే
ఎవరో లేచి, ఆయన గదిల,
మూసిన చప్పుడు వినబడుతది.