క్రోమర్‌లో గాలి

వ్యాన్ వెనక తలుపు తెరిచి
పావుగంటగా నిలబడే ఉన్నాను.
ఒకపక్క నారిచ్‌లో అద్దెకు తెచ్చిన స్టూడియో దీపాలు రెండు,
రుబ్బురోళ్ళు, పొత్రాలతో సహా.
సాయంత్రం అయిదుకల్లా తిరిగి ఇచ్చెయ్యాలి,
రశీదు జేబులో గుచ్చుకుంటోంది.
ఇంకోపక్క నా పాత ఫ్లాష్,
అరచేతిలో పట్టేది,
నాలుగు పెన్సిల్ సెల్లులు మింగి
దగ్గి దగ్గి వెలిగేది.

కింద గులకరాళ్ళ మీద మోరీన్ థర్టిల్
పీతల బుట్టలకు తాడు బిగిస్తోంది.
"పన్నెండుకి పోటు. నీ దీపాల కోసం సముద్రం ఆగదు"
అని పొద్దున్నే చెప్పేసింది.

కీరన్ పెద్దవాటి పక్షం.
వాడిది ఇరవై రెండేళ్ళ న్యాయం:
ఆకాశంతో తలపడాలంటే ఆకాశమంత దీపం కావాలి.
నిజమే. ఆరువందల జౌల్స్ ఒక్కసారి విరజిమ్మితే
మిట్టమధ్యాహ్నాన్ని మునిమాపు చెయ్యొచ్చు,
సూర్యుణ్ణి వెనక నిలబెట్టి
జుట్టుకి జరీ అంచు కుట్టించుకోవచ్చు.
కాదనలేకపోయాను. మోశాం.

స్టాండు నిలబెట్టాం, ఇసుక సంచులు కట్టాం,
తెల్ల గొడుగు విప్పామో లేదో
ఉత్తరపు గాలి దాన్ని తెరచాప అనుకుంది.
కీరన్ దాని కాలు పట్టుకుని
నాలుగు గజాలు ఈడ్చుకుపోయాడు.
మోరీన్ తాడు వదిలేసి నవ్వింది,
నడుం మీద చేతులు, పై వరసలో రెండు పళ్ళు లేవు,
సీగల్ పక్షులు లేచిపోయేంత నవ్వు.
ఆ నవ్వు నా దగ్గర లేదు.
నా రెండు చేతులూ రెండో స్టాండు మెడ మీద ఉన్నాయి.

తర్వాత దీపం ముందు నిలబడింది,
పాస్‌పోర్టు ఫొటోకి నిలబడ్డట్టు.
వెలుగుకి లోటు లేదు,
చెవి కింద పుట్టుమచ్చ కూడా కనబడింది.
ఆవిడే కనబడలేదు.

అప్పుడు తీశాను చిన్నదాన్ని.
ఎడమ చేత్తో ఎత్తి
పడవ తెల్లటి పొట్టకేసి కొట్టి
వెనక్కి వచ్చిన వెలుగుతో సర్దుకున్నాను.
ఒక్కో మెరుపుకి నాలుగు సెకన్ల ఆయాసం దానికి.
ఆ నాలుగు సెకన్లలో మోరీన్
నన్ను మరిచి, తన ముడి తను వేసుకునేది.

అంతలో మబ్బు చీలింది.
ఎండలో నా ఫ్లాష్ పగటి మిణుగురు.
ముఖాలన్నీ బొగ్గు.
కీరన్ ఏమీ అనలేదు, పెద్ద గొడుగుకేసి చూశాడంతే.

రాత్రి, అద్దె గదిలో, ముప్పై ఒకటిలో
ఇరవై తొమ్మిది పారేశాను.
మిగిలినవాటిలో ఒకదాన్లో ఆవిడ
కొలతకు రాని పీతని నీళ్ళలోకి విసురుతోంది,
కంట్లో ఆవగింజంత వెలుగు.
అది నాదా, పడవదా, తెలియడం లేదు.

అయిదు ఎప్పుడో దాటింది.
దీపాలు వ్యాన్‌లోనే ఉన్నాయి, రెండో రోజు అద్దె తింటూ.
రేపు గాలి తగ్గుతుందట, రేడియో చెప్పింది.
తగ్గితే, కీరన్,
మళ్ళీ మోద్దాం.