వణికే పడవ

ఫింటన్ కొట్టు వెనక కంకర మీద
ఏ కయాకైనా కదలదు.
"బల్లే అనుకో, డెర్వ్లా" అంటాడు
ముప్పయ్యారంగుళాల వెడల్పుని అరచేత్తో చరుస్తూ.

రెండు పడవల మీద కాళ్ళెందుకు,
రెండు నీళ్ళకీ ఒకటి చాలదా అని వచ్చాను.

కోరిబ్ సరస్సుకి బల్ల సరే.
ట్రౌట్ కోసం లేచి నిలబడొచ్చు,
మూతలో పోసుకున్న టీ ఒలకదు.
కిల్‌కీరన్ దాటితే కెరటానికి వాలుంటుంది.
బల్ల ఆ వాలుకే అతుక్కుని
నన్నూ అటే ఒంపేస్తుంది.

మూలన ఆకుపచ్చది, కాస్త సన్నం,
గుండ్రటి పొట్ట.
ఎవరూ కొనక లోపల సాలీడు కాపురం పెట్టింది.
రేవుదాకా మోయించాను.

కూచోగానే తూలింది, అప్పుడే పుట్టిన దూడలా.
గాలానికి పొల్లాక్ తగిలిందనుకుని
పక్కకి వంగాను,
ఇంకా,
మోచెయ్యి తడిసేదాకా.
అక్కడ, ఆ అంచు మీద, ఆగింది.
ఇక ఒరగనని.

"వణుకుతోందిగా!" గట్టు మీంచి ఫింటన్.
"వణకనీ. అరవై దాటాక నా మోకాళ్ళూ అంతే,
పడేశాయా ఎప్పుడైనా?"

బేరం ఇంకా తెగలేదు.
సాలీణ్ణి మాత్రం చీటీ మీద ఎక్కించి
తీసుకెళ్ళి
కొట్టు గుమ్మానికి అప్పజెప్పాను.