కుటుంబ టికెట్టు

లెక్కల నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద
మా కాలినా రాసుకొచ్చింది, అంకెలు వేసి మరీ,
ఓహ్రిద్ సరస్సు దగ్గర చూడాల్సినవి.
ఐదు. ఐదో అంకె పక్కన ఖాళీ.
"అక్కడికెళ్లాక చెప్తా," అంది,
తొమ్మిదేళ్ల తాసీల్దారు.

ప్రిలెప్ నుంచి నా పాత కారు,
కిటికీ అద్దం దిగిందంటే మళ్లీ ఎక్కదు.
మలుపు తిరగ్గానే నీలం.
ఓగ్నెన్ లేచి నిలబడ్డాడు: "సముద్రమా?"
"కాదు నాన్నా, సరస్సు."
"మరి అవతలి ఒడ్డేది?"
"మంచులో ఉంది. అటు అల్బేనియా."
"దానికి ఒడ్డు లేదన్నమాట."

నీటి మీద గుంజల ఇళ్లు, మొదటిది.
టికెట్ల గదిలో ఒకావిడ ఊలు అల్లుతోంది.
"కుటుంబ టికెట్టయితే చవక.
ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు."
మమ్మల్ని లెక్కపెట్టింది.
వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని
మెడ సాచి చూసింది.
ఎందుకో నేనూ వెనక్కి తిరిగాను.
కారు పక్కన ఒక కుక్క.

"విడివిడిగా ఇవ్వండి," అన్నాను.
అన్నాక గానీ
ఆ మాట నా చెవిన పడలేదు.

చెక్క వంతెన కిర్రుమంది.
పలకల సందుల్లో నీళ్లు, నీళ్లలో రాళ్లు,
వంగి ఏరుకోవచ్చన్నంత తేటగా.
గుడిసెలో ఎలుగు తోలు నిమిరి అడిగాడు ఓగ్నెన్:
"వీళ్లకి పక్కలెన్ని?"
"అందరికీ కలిపి ఒక్కటే," అంది వాళ్లక్క,
పుస్తకంలో చదివినట్టు.

నావుం మఠంలో నెమళ్లు
మా బురెక్ పొట్లం చుట్టూ పెళ్లివారిలా మూగాయి.
తెల్లదొకటి గోడెక్కి అరిచింది.
అంత అందానికి ఆ గొంతేమిటో!
లోపల, చల్లని చీకట్లో, సమాధి.
రాతికి చెవి ఆనిస్తే
సాధువు గుండె వినిపిస్తుందంటారు.
కాలినా ఆనించి, కనుబొమలు ముడిచి,
"విన్నాను," అని కాగితం మీద గీత కొట్టింది.
ఓగ్నెన్ లేవడే. వెనక వరస పెరిగిపోతోంది.
"మోటారు పడవ," అన్నాడు చివరికి,
"ఎక్కడికో పోతోంది."

ఊటల మీద పడవ నడిపే ట్రిపోకి మాటలు తక్కువ.
తెడ్డు పైకెత్తి వేలితో చూపించాడు.
అడుగున ఇసుక ఉడుకుతోంది,
కుతకుతమంటూ, ఎసట్లో బియ్యంలా.
చెయ్యి పెడితే మంచు.
"కొండ అవతల ఇంకో సరస్సుంది.
ఆ నీళ్లే. కొండ కిందనుంచి వస్తాయి,
ఎవరికీ చెప్పకుండా."
ఇద్దరూ మణికట్ల దాకా ముంచి ఊరుకున్నారు.
వీళ్లు ఇంతసేపు ఊరుకోవడం
ఈ ఏడాదిలో నేను చూడలేదు.

కోట సగం మెట్ల దగ్గర
ఓగ్నెన్ కూర్చుండిపోయాడు.
సగం కోటకి సగం గీత.

ఐదోది, సందులో ముత్యాల కొట్టు.
చేప పొలుసుల పూతతో చేసిన ముత్యాలు.
కాలినా తన చిల్లరంతా బల్ల మీద పోసి
చెవిపోగుల జత ఒకటి ఏరింది.
"మీ అమ్మకా?" అన్నాడు కొట్టాయన.
"చెవులు కుట్టించుకున్నవాళ్లకి," అంది.
నేను బయట చెప్పులు చూస్తూ నిలబడ్డాను.

రాత్రి బసలో ఉన్నది ఒక్కటే మంచం.
ఓగ్నెన్ నా వీపుకి చెవి ఆనించాడు.
"ఏముందిరా లోపల?"
"ఉండు. ఇంకా రాలేదు."
అంటూనే నిద్రపోయాడు.

కిటికీలో మంచు విడింది.
నీళ్లకి ఆ చివర, సన్నగా, దీపాల వరస.
లేపి చూపిద్దామనుకున్నాను.
కింద పడిన చెయ్యి తిమ్మిరెక్కింది,
అయినా ఒత్తిగిలలేదు.