వాలు

రోడ్డు మీంచి చూసినవాళ్ళకి మాది ఒంటి అంతస్తు ఇల్లు,
సుపీరియర్ సరస్సు వైపు నుంచి వచ్చేవాళ్ళకి రెండు.
ఇద్దరూ అబద్ధమాడరు.

మేలో, చెట్ల మొదట్లో మంచు ఇంకా మురికి గుడ్డల్లా పడుండగా
రేయినో తన పసుపుపచ్చ పొక్లెయిన్ దింపాడు.
వాలు కడుపులోకి తొమ్మిదడుగులు.
ముందు నల్లమట్టి, తర్వాత ఎర్రిసుక,
తర్వాత
ఠంగుమంది.

"పేల్చేద్దాం, నాలుగువేల డాలర్లు" అన్నాడు.
ఆర్వో నా మొహం చూశాడు.
నేను కిటికీలకని దాచిన డబ్బు మొహం చూశాను.

వారంపాటు గొయ్యి నోరు తెరుచుకునే ఉంది.
వానొచ్చింది. కప్పలు అద్దెకి దిగాయి.

అప్పుడే హెల్మి, మా ఏడేళ్ళది, చప్పుడంటే ఏంటో ఎరగనిది,
గోతిలోకి జారి బండకి చెంప ఆనించింది.
చాలాసేపటికి చేతులతో చెప్పింది:
లోపల ఎవరో నడుస్తున్నారు.

"ఊట" అన్నాడు రేయినో,
చెడ్డ వార్త తనే ముందు చెప్పగలిగినవాడి సంతోషంతో.
"ఇంక మీ గచ్చు పనైపోయినట్టే."
కంకర పోశాం, చిల్లుల గొట్టం వేశాం,
గోడల వీపులకి తారు పూశాం.
దారిచ్చాక ఊట మాతో పేచీ పెట్టుకోలేదు.

మూడు వైపులా మట్టి ఒరుసుకునే కాంక్రీటు,
నాలుగోవైపు అద్దాల తలుపు, గడప, గడ్డి, నీళ్ళు.
బండ మాత్రం కదల్లేదు.
గోడలోంచి గదిలోకి చొచ్చుకొచ్చి
పడుకున్న దూడ వీపులా అక్కడే ఉండిపోయింది.
ఆవిరిగదిలోంచి వచ్చినవాళ్ళు దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు.
ఆర్వో రెండుసార్లు కాలివేలు కొట్టుకున్నాడు,
రెండుసార్లూ నన్నే తిట్టాడు.

"పసిదాన్ని నేలమాళిగలో పడుకోబెడతారా?"
చర్చిలో లెంపి అడిగింది.
మాళిగ కాదని వాదించడం మానేశాను.
పిలిచి కాఫీ ఇచ్చి,
పొద్దుటెండ హెల్మి మంచం కిందిదాకా వచ్చి
పోయిన మేజోడు వెతకడం చూపించాను.

జనవరిలో పై తలుపు గొళ్ళెందాకా మంచు.
నెల్లాళ్ళు కిందినుంచే బతికాం:
పాలు, ఉత్తరాలు, బడి, కట్టెలు, రేయినో బిల్లులు.

మార్చిలో ఒక రాత్రి,
సరస్సు ఇంకా రాయిలా బిగుసుకునుండగానే,
హెల్మి మెట్లెక్కొచ్చి నా చెయ్యి లాగింది.
మళ్ళీ నడుస్తున్నారు.

ఆర్వో ఏమీ అడగలేదు.
బూట్లు తొడుక్కుని, పార భుజానేసుకుని,
గొట్టం మూతి మీది మంచు తవ్వడానికి
కింది తలుపులోంచి వెళ్ళాడు.